లైసెన్సు పిస్టల్‌తో టెక్సస్ నుంచి పెన్సిల్వేనియా దాకా

డాలస్ నుంచి పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కి కారులో వెళ్తే టెక్సస్‌తో కలిపి ఏడు రాష్ట్రాలు తగులుతాయి. టెక్సస్, ఆర్కన్సా, టెనెసీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, మేరీల్యాండ్, పెన్సిల్వేనియా. మామూలు ప్రయాణికుడికి ఆ సరిహద్దులు రోడ్డు పక్కన ఒక స్వాగతం బోర్డు, అంతే. నడుముకి పిస్టల్ ఉన్నవాడికి మాత్రం ఆ బోర్డు దాటగానే చట్టం మారుతుంది. నిన్నటిదాకా హక్కుగా మోసుకు తిరిగిన వస్తువు ఈరోజు జైలుకి పంపవచ్చు. 2024 దసరాకి మా అమ్మాయి ఇంటికి వెళ్లొచ్చాం. ఆ సరిహద్దులు ఎలా దాటామో రోజువారీగా రాస్తున్నాను. ఇందులోని నిబంధనలు అప్పటివి. ఇవి తరచూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరేవాళ్లు ప్రతి రాష్ట్రం పోలీసు శాఖ రాసి పెట్టినది స్వయంగా చదువుకోవాలి.

మాకు డాలస్‌కి ఉత్తరాన ఒక గ్యాస్ స్టేషన్ ఉంది. రాత్రి పొద్దుపోయాక గల్లాలోని డబ్బు పట్టుకుని ఒక్కణ్ణే బయటికి రావాల్సిన పని. అందుకే ఈ దేశ పౌరసత్వం వచ్చిన తర్వాత లైసెన్సు తీసుకున్నాను. అప్పట్లో దాన్ని కన్సీల్డ్ హ్యాండ్‌గన్ లైసెన్స్ అనేవారు. 2016 జనవరిలో బయటికి కనిపించేలా కూడా పెట్టుకోవచ్చని చట్టం మారాక లైసెన్స్ టు క్యారీ అయింది. క్లాసు, రాతపరీక్ష, ఆపైన 3, 7, 15 గజాల దూరం నుంచి మొత్తం 50 తూటాలు కాల్చి నూటికి 70 మార్కులు తెచ్చుకోవాలి.

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ పెట్టుకోవచ్చు. మరి ఇంకా రెన్యువల్ ఎందుకు చేయించుకుంటావని స్నేహితులు అడుగుతుంటారు. రాష్ట్రం దాటేటప్పుడు ఆ కార్డే ఆధారం. టెక్సస్ చట్టం ఇచ్చిన వెసులుబాటు టెక్సస్ పొలిమేర దాకే. అవతలి రాష్ట్రం గుర్తించేది లైసెన్సుని.

మంగళవారం, అక్టోబరు 8: డాలస్ నుంచి మెంఫిస్

తెల్లవారకముందే ఐ-30 హైవే ఎక్కాం. సల్ఫర్ స్ప్రింగ్స్ దాటాక వెనక నుంచి ఎర్ర నీలం లైట్లు. టెయిల్ ల్యాంప్ ఒకటి వెలగడం లేదట. కారు పక్కకి ఆపి, లోపలి లైటు వేసి, చేతులు రెండూ స్టీరింగ్ మీద పెట్టాను. టెక్సస్‌లో పోలీసు గుర్తింపు అడిగితే, ఒంటి మీద పిస్టల్ ఉన్న లైసెన్సుదారు డ్రైవింగ్ లైసెన్సుతో పాటు ఈ కార్డూ చూపించాలి. కార్డులు తీయడానికి జేబులో చెయ్యి పెట్టేముందే నోటితో చెప్పాను, కుడి నడుముకి పిస్టల్ ఉందని, పర్సు ఎడమ జేబులో ఉందని. ఆ యువ ట్రూపర్ దాన్ని అక్కడే ఉండనివ్వమన్నాడు, నిదానంగా పర్సు తీయమన్నాడు. రెండు కార్డులూ చూసి, హెచ్చరిక కాగితం ఇచ్చి, లైటు మార్పించుకోమని పంపాడు. మా ఆవిడ అంతసేపూ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

"ఏమండీ, ముందే చెప్పకపోతే ఏమయ్యేది?" అంది కారు కదిలాక.

చట్టం ఏం చెప్పినా, పోలీసుకి మన నడుము దగ్గర అకస్మాత్తుగా నల్లటి పిడి కనిపించడం మంచిది కాదని చెప్పాను. ఆ క్షణంలో ఇద్దరి ప్రాణాలూ మన మాట తీరు మీదే ఆధారపడి ఉంటాయి. లైసెన్సు తీసుకున్న మనవాళ్లు గురి మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఈ మాట తీరు మీద పెట్టాలి.

టెక్సార్కానాలో ఆగాల్సిన పని ఒకటి ఉంది. ఆ ఊరు సగం టెక్సస్, సగం ఆర్కన్సా. ఊరి నడుమ స్టేట్ లైన్ అవెన్యూ మీద 1933లో కట్టిన పోస్టాఫీసు, ఫెడరల్ కోర్టు భవనం సరిగ్గా రెండు రాష్ట్రాల గీత మీద నిలబడి ఉంది. ఎదుట నిలబడి ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి ఫొటోలు దిగుతారు. మా ఆవిడకి అందులోనే ఒక కవరు పోస్టు చేయాలని ముచ్చట. నా లైసెన్సు గీతకి ఇటూ చెల్లుతుంది, అటూ చెల్లుతుంది. గీత మీద ఉన్న ఆ భవనంలో మాత్రం చెల్లదు. ఫెడరల్ భవనాల్లోకి ఆయుధంతో వెళ్లకూడదు. పోస్టాఫీసుల విషయంలో ఇంకా గట్టి, వాళ్ల సొంత పార్కింగ్ స్థలంలో నిలిపిన కారులో ఉంచినా తప్పే. అందుకని దూరంగా వీధిలో కారు ఆపి, పిస్టల్‌ని వెనక సీటు కింద ఇనుప కేబుల్‌తో బిగించిన పెట్టెలో పెట్టి తాళం వేసి, నడిచి వెళ్లాం.

నాకు క్లాసు చెప్పిన మాస్టారు టెక్సస్‌లో ఈ చట్టం ఎలా వచ్చిందో చెప్పిన సంగతి ఆ పెట్టె మూస్తున్నప్పుడల్లా గుర్తొస్తుంది. 1991 అక్టోబరు 16న కిలీన్ పట్టణంలోని లూబీస్ కెఫెటీరియాలో ఒకడు కాల్పులు జరిపి 23 మందిని చంపాడు. అక్కడ తల్లిదండ్రులతో భోజనం చేస్తున్న సుజానా హప్ పిస్టల్ కారులో ఉంది. అప్పటి చట్టం ప్రకారం వెంట పెట్టుకోకూడదని కారులోనే వదిలేసి వచ్చారు. ఆ కాల్పుల్లో ఆమె తల్లీ తండ్రీ చనిపోయారు. ఆ తర్వాత ఆమె అమెరికా అంతటా చట్టసభల ముందు సాక్ష్యం చెప్పారు. 1995లో గవర్నర్ జార్జ్ బుష్ సంతకంతో టెక్సస్‌లో లైసెన్సు చట్టం వచ్చింది.

ఆర్కన్సాలో లిటిల్ రాక్ దాటాక ఐ-40 మీద రెండు పక్కలా వరి మడులు. అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ వరి పండించే రాష్ట్రం ఇదే. కోతలు అయిపోయి కొయ్యకాళ్లు మిగిలాయి. కనుచూపు మేరా చదునుగా ఉన్న ఆ నేల చూస్తే మా ఆవిడకి డెల్టా గుర్తొచ్చి చాలాసేపు పుట్టింటి కబుర్లు చెప్పింది. చీకటి పడ్డాక మిసిసిపీ నది దాటి మెంఫిస్ చేరాం.

బుధవారం: మెంఫిస్, నాష్‌విల్

పొద్దున్నే లొరైన్ మోటెల్ దగ్గరికి వెళ్లాం. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపింది ఇక్కడే. ఆయన నిలబడిన బాల్కనీ రెయిలింగుకి ఇప్పటికీ పూలచక్రం వేలాడుతూ ఉంటుంది. కింది వీధిలో నిలబడి చూడవచ్చు. ఆయుధం వేసుకుని అక్కడ నిలబడటానికి నాకు మనసొప్పలేదు. హోటల్ నుంచి బయల్దేరేటప్పుడే పెట్టెలో పెట్టేశాను.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 1956లో మాంట్‌గొమరీలో కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. భార్య, పసిబిడ్డ లోపల ఉన్నారు. ఆ తర్వాత ఆయన పిస్టల్ దగ్గర పెట్టుకోవడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నారు. అధికారులు ఇవ్వలేదు. ఆ కాలంలో లైసెన్సు ఇవ్వాలా వద్దా అనేది పూర్తిగా అధికారి ఇష్టం. నల్లవాళ్లకి ఆ ఇష్టం ఎలా పనిచేసేదో వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత కింగ్ అహింస దారిలో ఇంట్లోని తుపాకీని కూడా వదిలేశారు. అది ఆయన ఎంచుకున్న గొప్పతనం. అనుమతి నిరాకరించినవాళ్ల అన్యాయం దానివల్ల చిన్నది కాదు.

2022 జూన్ 23న బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుని నేను ఈ చరిత్ర వెలుగులోనే చూస్తాను. ప్రత్యేక కారణం చూపించాలి, అది అధికారికి నచ్చాలి అనే న్యూయార్క్ పద్ధతి చెల్లదని కోర్టు చెప్పింది. అర్హత నిబంధనలు ఎంత కఠినంగానైనా పెట్టనివ్వండి, శిక్షణ ఎన్ని గంటలైనా చేయించండి, నేను కాదనను. అందరికీ ఒకటే కొలత ఉండాలి, ముఖం చూసి ఇచ్చే పద్ధతి పోవాలి.

మెంఫిస్ నుంచి నాష్‌విల్ సుమారు 210 మైళ్లు. సాయంత్రానికి అక్కడి గణేశుడి గుడికి చేరాం. నవరాత్రులు కదా, లోపల లలితా సహస్రనామ పారాయణ జరుగుతోంది. గుడిలోకి ఆయుధంతో వెళ్లకపోవడం నా నియమం, ఏ రాష్ట్రమైనా సరే. అయితే కారులో ఊరికే వదిలేయకూడదు. కార్ల నుంచి దొంగిలించిన తుపాకులే ఎన్నో నేరాల్లో తేలుతుంటాయి. పెట్టెకి తాళం, పెట్టె నుంచి సీటు ఫ్రేముకి ఇనుప కేబుల్, పైన దుప్పటి. ఇవి లేనివాళ్లు లైసెన్సు ఉన్నా ప్రయాణంలో పిస్టల్ తేకపోవడమే మేలు.

గురువారం: నాష్‌విల్ నుంచి రోనోక్

నాక్స్‌విల్ దాటి డాండ్రిడ్జ్ దగ్గర ఐ-40 నుంచి ఐ-81 విడిపోతుంది. సూటిగా నార్త్ కరోలైనాలోకి వెళ్లే ఐ-40 మూసేసి ఉంది. సెప్టెంబరు చివర్లో వచ్చిన హెలీన్ తుఫాను పిజన్ నది లోయలో రోడ్డుని కోసుకుపోయింది. నీళ్ల సీసాలు, జనరేటర్లు వేసుకున్న ట్రక్కులు మా పక్క నుంచి వరసగా పోతున్నాయి. ఆ కొండల్లో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల మాటలే రేడియోలో రోజంతా.

బ్రిస్టల్‌లో మళ్లీ ఒక గీత. ప్రధాన వీధి నడుమ ఇత్తడి పలకలు బిగించి ఉన్నాయి. ఒక పక్క టెనెసీ, ఇంకో పక్క వర్జీనియా. టెనెసీలో 2021 జూలై నుంచి లైసెన్సు లేకపోయినా పిస్టల్ పెట్టుకోవచ్చు. వీధి దాటి వర్జీనియా పక్క కాఫీకి వెళ్లాలంటే, దాచుకుని పెట్టుకునేవాడికి లైసెన్సు ఉండాలి. మా ఊరి కుర్రాడెవరైనా టెక్సస్‌లో లైసెన్సు అక్కర్లేదులే అనుకుని చొక్కా కింద పెట్టుకుని ఇక్కడిదాకా వస్తే, ఈ వీధి దాటినందుకే నేరస్తుడవుతాడు. వర్జీనియా 2016 నుంచి వేరే రాష్ట్రాల లైసెన్సులని గౌరవిస్తోంది, ఫొటో గుర్తింపు కార్డు కూడా వెంట ఉండాలి. మద్యం అమ్మే రెస్టారెంట్లోకి పిస్టల్ దాచుకుని వెళ్లినవాళ్లు మద్యం ముట్టకూడదు. 2020 నుంచి ఊళ్లు, కౌంటీలు తమ పార్కుల్లో, ప్రభుత్వ భవనాల్లో తుపాకులు నిషేధించుకోవచ్చు. అందుకని కొత్త ఊళ్లో పార్కు గేటు దగ్గర ఆగి బోర్డు చదవడం నాకు అలవాటైంది.

ఇక్కడ బడుల సంగతి చెప్పాలి. బడికి వెయ్యి అడుగుల లోపల ఆయుధం ఉండకూడదని ఫెడరల్ చట్టం ఉంది. లైసెన్సుదారుకి మినహాయింపు ఉంది కానీ ఆ లైసెన్సు ఆ బడి ఉన్న రాష్ట్రం ఇచ్చినదై ఉండాలి. అంటే టెక్సస్ కార్డు టెక్సస్ బడుల దగ్గరే కాపాడుతుంది. వర్జీనియా నా లైసెన్సుని గుర్తించినా ఈ మినహాయింపు రాదు. ఊళ్లోకి దిగితే ప్రతి మలుపులోనూ ఒక బడి. అందుకే సొంత రాష్ట్రం దాటాక హైవే దిగి ఊళ్లోకి వెళ్లేటప్పుడు తూటాలు తీసి, తాళం పెట్టెలో పెడతాను. అలా పెట్టినదానికి చట్టంలో మినహాయింపు ఉంది. బ్రిస్టల్ వీధి దాటినప్పుడూ నా నడుము ఖాళీయే.

శుక్రవారం: స్కైలైన్ డ్రైవ్, వించెస్టర్

ఈ రోజంతా కొండల కోసమే. వేన్స్‌బరో దగ్గర షెనన్డోవా నేషనల్ పార్కు దక్షిణ కొస నుంచి ఉత్తరాన ఫ్రంట్ రాయల్ దాకా 105 మైళ్ల స్కైలైన్ డ్రైవ్. గంటకి 35 మైళ్లు దాటకూడదు, దాటాలనీ అనిపించదు. ఆకులు అప్పుడప్పుడే రంగు తిరుగుతున్నాయి. పైన శిఖరాల మీద ఎరుపు, కింద లోయల్లో ఇంకా పచ్చ. జింకలు రోడ్డు పక్కనే మేస్తూ కారుని పట్టించుకోలేదు.

నేషనల్ పార్కుల్లో ఒకప్పుడు పిస్టల్ నిషేధం. 2010 ఫిబ్రవరి నుంచి ఆ పార్కు ఉన్న రాష్ట్రం చట్టమే వర్తిస్తుంది. విజిటర్ సెంటర్లు ఫెడరల్ భవనాలు కాబట్టి వాటిలోకి తీసుకెళ్లకూడదు. తలుపు మీద రాసి ఉంటుంది. మా ఆవిడ లోపలికి వెళ్లి మ్యాపులు తెచ్చింది, నేను బయట బల్ల మీద కూర్చున్నాను.

రాత్రి వించెస్టర్‌లో దిగాం. పొద్దున్న దాటాల్సిన మేరీల్యాండ్ ముక్క కోసం ఇక్కడే సిద్ధం కావాలి. ఐ-81 వెస్ట్ వర్జీనియాలో 26 మైళ్లు, మేరీల్యాండ్‌లో 12 మైళ్లు మాత్రమే నడుస్తుంది. ఆ 12 మైళ్లలో నా లైసెన్సుకి విలువ లేదు. మేరీల్యాండ్ వేరే ఏ రాష్ట్రం లైసెన్సునీ గుర్తించదు.

అలాంటిచోట దాటనిచ్చేది 1986లో వచ్చిన ఫెడరల్ చట్టం, ఫైర్‌ఆర్మ్ ఓనర్స్ ప్రొటెక్షన్ యాక్ట్. బయల్దేరిన చోటా చేరే చోటా ఆయుధం ఉంచుకోవడం, పెట్టుకోవడం చట్టబద్ధమైతే, నడుమ ఉన్న రాష్ట్రం ఏదైనా దాన్ని మోసుకుపోవచ్చు. తూటాలు తీసి ఉండాలి. ఆయుధం గానీ తూటాలు గానీ కూర్చున్నవాళ్ల చేతికి అందకూడదు. మా కారులాంటి ఎస్‌యూవీకి విడిగా డిక్కీ ఉండదు కాబట్టి తాళం వేసిన పెట్టెలో ఉండాలి. గ్లవ్ బాక్సు, సీట్ల మధ్య ఉండే కన్సోల్ పనికిరావు.

హోటల్ గదిలో పిస్టల్ నుంచి మ్యాగజైన్, అంటే తూటాల అర, తీశాను. స్లయిడ్ లాగి ఛాంబర్లోని తూటా తీశాను. కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకున్నాను. పిస్టల్ ఒక పెట్టెలో, తూటాలు వేరే పెట్టెలో, రెండింటికీ తాళాలు, రెండూ కారు వెనక భాగంలో సామాను అడుగున. ఆ తర్వాత పెట్రోలు కొట్టించి ట్యాంకు నింపుకున్నాను. ఈ చట్టం దాటిపోయేవాడికి ఇచ్చిన రక్షణ. దారిలో బస చేస్తే ఆ రక్షణ ఉంటుందని నమ్ముకోకూడదు.

ఎందుకు నమ్ముకోకూడదో మేం వెళ్తున్న ఊరి కథే చెబుతుంది. 2005లో యూటా నుంచి ఒకాయన అలెన్‌టౌన్‌కే విమానంలో బయల్దేరాడు. నిబంధనల ప్రకారం పిస్టల్ తాళం వేసి, చెక్-ఇన్ సామానులో చెప్పి మరీ ఇచ్చాడు. న్యూజెర్సీలోని నెవార్క్‌లో ఆయన తర్వాతి ప్రయాణం తప్పిపోయింది. సామాను చేతికొచ్చింది. రాత్రి హోటల్లో పడుకుని, పొద్దున్న కౌంటర్ దగ్గర మళ్లీ నిజాయితీగా చెప్పాడు. అరెస్టు చేసి జైల్లో పెట్టారు. కేసు తర్వాత కొట్టేశారు కానీ, ఆయన వేసిన దావాలో 2010లో థర్డ్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆయనకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ రాత్రి సామాను ఆయన చేతికి అందుబాటులో ఉంది కాబట్టి ఫెడరల్ రక్షణ వర్తించదని చెప్పింది. ఆ తీర్పు చదివినప్పటి నుంచి తుపాకీ ఉన్న సామానుతో నేను నెవార్క్ మీదుగా విమానం ఎక్కను.

శనివారం: పన్నెండు మైళ్లు, దసరా

పొద్దున్నే బయల్దేరాం. వెస్ట్ వర్జీనియా తెలియకుండానే అయిపోయింది. విలియమ్స్‌పోర్ట్ దగ్గర పొటోమాక్ నది దాటితే మేరీల్యాండ్. వేగం హద్దు దాటకుండా, లేన్ మారకుండా నడిపాను. హేగర్స్‌టౌన్ కుడి పక్కన వచ్చింది, పోయింది. పావుగంట కూడా పట్టలేదు. పెన్సిల్వేనియా బోర్డు కనిపించింది.

ఆ బోర్డు ఉన్నచోటే మేసన్-డిక్సన్ రేఖ. పెన్, కాల్వర్ట్ కుటుంబాల భూతగాదా తీర్చడానికి 1763 నుంచి 1767 దాకా ఇద్దరు సర్వేయర్లు కొలిచి రాళ్లు పాతిన గీత. పెన్సిల్వేనియా నా లైసెన్సుని గుర్తిస్తుంది. గీతకి దక్షిణాన అదే నడుము, అదే పిస్టల్ నేరం.

డ్రైవింగ్ లైసెన్సు దేశమంతా చెల్లుతుంది కదా, ఇదెందుకు చెల్లదు అని మనవాళ్లు అడుగుతారు. అన్ని రాష్ట్రాలూ ఒకదాని లైసెన్సు ఒకటి గుర్తించాలనే బిల్లు 2017 డిసెంబరులో ప్రతినిధుల సభలో 231-198 ఓట్లతో నెగ్గి, సెనేట్‌లో ఆగిపోయింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. శిక్షణ అడగని రాష్ట్రం కార్డుని శిక్షణ అడిగే రాష్ట్రం మీద రుద్దడం సరికాదు. దేశమంతటికీ ఒక కనీస శిక్షణ పెట్టి, అది పూర్తిచేసిన కార్డు అంతటా చెల్లాలి. అప్పటిదాకా మేరీల్యాండ్ నిబంధన మేరీల్యాండ్‌ది, నచ్చినా నచ్చకపోయినా పాటించాలి.

పెన్సిల్వేనియాలోకి వచ్చినా పెట్టె తాళం తీయలేదు. కారణం మా అల్లుడు. అమ్మాయి పౌరురాలు. అల్లుడు హెచ్-1బి మీద ఉన్నాడు, గ్రీన్‌కార్డు దరఖాస్తు ఇంకా నడుస్తోంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటం ఫెడరల్ నేరం. 2022లో మారిన చట్టం ప్రకారం పదిహేనేళ్ల దాకా జైలు. కలిగి ఉండటం అంటే చేతిలో పట్టుకోవడమే కాదు, తన అధీనంలో ఉండటం కూడా. మామగారి పిస్టల్ అల్లుడి బెడ్రూం అలమరలో ఉంటే ఇబ్బంది అల్లుడికి. అందుకే అది ఇంట్లోకి రాలేదు. మా కారు గరాజ్‌లో, పెట్టెలు కారులో, కారు తాళంచెవీ పెట్టె తాళంచెవులూ నా జేబులో.

మధ్యాహ్నం పూజ అయ్యాక భోజనాల దగ్గర అల్లుడి స్నేహితులు ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒక అబ్బాయి ఫోన్లో ఫొటో చూపించాడు. షూటింగ్ రేంజిలో పిస్టల్ పట్టుకుని నవ్వుతూ దిగాడు. ఏ వీసా బాబూ అని అడిగాను. హెచ్-1బి అన్నాడు. పండగ పూట ఆ పిల్లల ముఖాలు మాడ్చడం ఇష్టం లేకపోయినా చెప్పక తప్పలేదు. రేంజిలో అద్దెకిచ్చిన తుపాకీ పట్టుకున్నా అది కలిగి ఉండటమే. చట్టంలో కొద్ది మినహాయింపులున్నాయి, వాటిలో సామాన్యులకి అందేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు. అది లేకుండా కాలిస్తే ఆ ఫొటోయే సాక్ష్యం.

"మామయ్యా, ఆఫీసు టీం ఔటింగులు కూడా అక్కడే పెడుతుంటారు, మాకెవరూ ఈ మాట చెప్పలేదు" అన్నాడు మా అల్లుడు.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతేలో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపినప్పుడు మా దుకాణానికొచ్చే తెలుగు పిల్లలు ఎంతమందో నన్ను పక్కకి పిలిచి లైసెన్సు క్లాసుల గురించి అడిగారు. వాళ్ల భయం నాకు తెలుసు. వాళ్లలో ఎక్కువమందికి ఆ దారి లేదని చెప్పాల్సి రావడం నాకు ఈ దేశంలో చాలా కష్టమనిపించిన పనుల్లో ఒకటి. శ్రీనివాస్ కూడా హెచ్-1బి మీద ఉన్నవాడే.

ఆదివారం: న్యూజెర్సీ

అల్లుడి కారులో బయల్దేరాం. డెలవేర్ నది దాటితే న్యూజెర్సీ. బయల్దేరేముందు నా కోటు జేబులు, మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు, చిన్న సంచులు అన్నీ బోర్లించి చూశాను, ఎక్కడైనా విడి తూటా మిగిలిందేమోనని. న్యూజెర్సీలో హాలో పాయింట్ (మొనలో గుంట ఉండే) తూటాలకి విడిగా ఆంక్షలున్నాయి, పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్ నిషేధం.

పిస్టల్ విషయంలో ఆ రాష్ట్రం ఎంత కఠినమో 2013 నాటి ఒక కేసు చెబుతుంది. ఫిలడెల్ఫియాకి చెందిన ఒక తల్లి, పెన్సిల్వేనియా లైసెన్సు ఉన్నావిడ, న్యూజెర్సీలో ట్రాఫిక్ పోలీసు ఆపితే తన దగ్గర పిస్టల్ ఉందని తనే చెప్పింది. అరెస్టు చేశారు. ఏళ్ల తరబడి తప్పనిసరి జైలు శిక్ష పడే నేరం అది. దేశమంతా గొడవ అయ్యాక ఆమెని జైలుకి పంపలేదు. 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ పూర్తి క్షమాభిక్ష ఇచ్చారు. నిజం చెప్పిన మనిషికి అంత నరకం చూపించడం న్యాయం కాదు. అయినా అలెన్‌టౌన్ నుంచి గంట ప్రయాణంలో ఉన్న చట్టం అది, తెలియదంటే కుదరదు.

బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడిలో దసరా మర్నాటి రద్దీ. దర్శనం అయ్యాక ఎడిసన్‌లో భోజనం. అక్కడ మా దూరపు బంధువు ఒకాయన కలిశారు. లిక్కర్ స్టోర్ నడుపుతారు. ఎన్నో ఏళ్లు అక్కడ వ్యాపారికి లైసెన్సు అందని పండే. బ్రూయెన్ తీర్పు తర్వాత ఆయనకి వచ్చింది. 200 డాలర్ల ఫీజు, నలుగురి హామీ, కాల్పుల పరీక్ష, రెండేళ్లకోసారి రెన్యువల్. పెట్టుకుని వెళ్లకూడని స్థలాల జాబితా ఎంత పొడుగంటే దుకాణం, ఇల్లు, ఆ రెండింటి మధ్య దారి తప్ప ఇంకెక్కడికీ తీసుకెళ్లనని చెప్పారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

సోమవారం: పిట్స్‌బర్గ్ మీదుగా

తిరుగు ప్రయాణానికి ఐ-81 వదిలేసి పశ్చిమానికి మళ్లాం. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద పిట్స్‌బర్గ్, అక్కడి నుంచి ఐ-79 మీద వెస్ట్ వర్జీనియా, ఆపైన కెంటకీ, టెనెసీ, ఆర్కన్సా. ఇవన్నీ టెక్సస్ లైసెన్సుని గుర్తించే రాష్ట్రాలే, మేరీల్యాండ్ ముక్క తగలదు. పైగా 1976 నాటి పెన్ హిల్స్ వేంకటేశ్వరుడి దర్శనం. ఈ దేశానికి తొలి తరంగా వచ్చిన తెలుగువాళ్లు ఎంతెంత దూరాల నుంచో కార్లేసుకుని వచ్చిన గుడి. మా ఆవిడ కొండ మీద తెల్లటి గోపురం చూడగానే చెప్పులు విప్పబోయింది.

దారిపొడవునా ఎన్నికల బోర్డులు, ఇంటింటి ముందూ. అధ్యక్ష ఎన్నికలకి మూడు వారాలు. ఇవి చూస్తుంటే ప్రకాశం జిల్లాలో మా బావగారు గుర్తొచ్చారు. మే నెలలో మన ఎన్నికలప్పుడు కోడ్ రాగానే ఆయన లైసెన్సు తుపాకీని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకున్నారు. లెక్కింపు అయ్యాక తిరిగి తెచ్చుకున్నారు. మన దేశంలో కూడా లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. రాష్ట్రం దాటి తీసుకెళ్లాలంటే ఆ మేరకు అనుమతి ఉండాలి. ఇక్కడ ఎన్నికల వేళ అప్పగించమంటే ఊరుకోరు. అక్కడ అప్పగించనంటే ఊరుకోరు. నాకు మా బావగారి రసీదు పద్ధతి మీద గౌరవమే ఉంది.

మంగళవారం, బుధవారం: ఇంటికి

వెస్ట్ వర్జీనియా కొండల్లో వాన. కెంటకీలో లెక్సింగ్టన్ గుర్రాల పొలాలు, తెల్లటి కంచెలు. నాష్‌విల్ దగ్గర పడుకుని, బుధవారం రోజంతా నడిపి రాత్రికి ఇల్లు చేరాం.

లిటిల్ రాక్ దగ్గర ఉండగా మా ఊళ్లో మరో గ్యాస్ స్టేషన్ నడిపే తమ్ముడు ఒకతను ఫోన్ చేశాడు. వచ్చే నెల షికాగో వెళ్తున్నాడట, పిస్టల్ వెంట తీసుకెళ్లొచ్చా అన్నయ్యా అని. ముందు గ్రీన్‌కార్డు వచ్చిందా అని అడిగాను. వచ్చి రెండేళ్లయిందన్నాడు, లైసెన్సూ ఉంది. అయితే విను అన్నాను. ఇల్లినాయ్ మన లైసెన్సుని గుర్తించదు. సొంత రాష్ట్రంలో పెట్టుకునే అర్హత ఉన్న బయటి రాష్ట్రంవాడు కారులో ఉన్నంతసేపు దగ్గర పెట్టుకోవచ్చు. కారు దిగితే ఒంటి మీద ఉండకూడదు, తాళం వేసిన కారులోనే కనపడకుండా వదలాలి. బంధువుల ఇంట్లో దిగుతున్నావా, హోటల్లోనా? ఆ ఇంట్లో ఎవరెవరు ఏ వీసాల మీద ఉన్నారు? షికాగోలో వీధిలో కారు ఆపి రాత్రంతా అందులో వదిలేయగలవా? కాసేపు ఆలోచించి, ఇంట్లో సేఫ్‌లో పెట్టే వెళ్తానన్నాడు. సరే, ఇల్లినాయ్ స్టేట్ పోలీసు వాళ్లు రాసిందీ ఒకసారి చదువుకో, ఇంకోసారి పనికొస్తుంది అని చెప్పి ఫోన్ పెట్టేశాను.